పద్దెనిమిదో నంబరు అక్షరాలు

ఏడు గంటల వార్తలు చదివే ఆవిడకి మూడు విషయాల్లో మహా గర్వం. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా స్టూడియోకి ఆలస్యంగా వెళ్ళలేదు. ఒక్కసారి కూడా వార్తల మధ్యలో దగ్గలేదు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా కళ్ళజోడు పెట్టుకోలేదు. మొదటి రెండూ ఎవరైనా అడిగితే చెప్పేది. మూడోది అడక్కపోయినా చెప్పేది.

నిజానికి ఇంట్లో మందుసీసా మీద రాసింది చదవాలంటే మొగుడి ముక్కు మీది కళ్ళజోడు లాక్కోవలసిందే. అది లెక్కలోకి రాదని ఆవిడ వాదన. దగ్గరివి ఈ వయసులో ఎవరికీ కనపడవట, దూరం చూపు మాత్రం తనది గద్ద చూపట. దానికి రుజువు కూడా సిద్ధంగా ఉండేది. స్టూడియోలో కెమెరా ముందు ఒక అద్దం ఉంటుంది. చదవవలసిన వార్త ఆ అద్దం మీద కింది నుంచి పైకి జరుగుతూ పోతుంది. దాన్ని ప్రాంప్టర్ అంటారు. ఆవిడ కుర్చీకీ దానికీ మధ్య పన్నెండు అడుగులు. అంత దూరం నుంచి రోజూ అరగంటసేపు ఎక్కడా తడుముకోకుండా చదివే మనిషికి చూపు లేదని ఎవరనగలరు? చేతిలో కాయితాల కట్ట కూడా ఉండేది, మధ్యమధ్యలో ఠీవిగా ఒక కాయితం తిప్పేది. ఆ కాయితాల్లో ఒక్క ముక్క కూడా ఆవిడకి కనపడేది కాదు. అది వట్టి అలంకారం.

అంతమాత్రాన ఆవిడ పనిలో డొల్ల ఏమీ లేదు. ఇరవై ఏడేళ్ళ వయసులో, మోకాళ్ళు బల్ల కింద గడగడా వణుకుతుంటే, గొంతులో ఆ వణుకు రానీయకుండా మొదటి వార్తలు చదివింది. ఎన్నికలు, వరదలు, యుద్ధాలు, క్రికెట్ గెలుపులు అన్నీ జనం ఆవిడ నోటినుంచే విన్నారు. ఒకసారి ఎక్కడినుంచి దూరిందో ఒక పిల్లి సెట్ లోకి వచ్చి ఒళ్ళోకెక్కి కూర్చుంటే, దాని వీపు నిమురుతూనే వాతావరణ సూచన పూర్తిచేసింది. ఆ పిల్లి ఎలా ఉందని అడుగుతూ రెండేళ్ళపాటు ఉత్తరాలు వచ్చాయి. ఇప్పటికీ కూరగాయల కొట్టుకి వెళితే కొట్టువాడు తరాజు వదిలేసి, ఈవేళ వార్తలేంటమ్మా అంటాడు.

ప్రాంప్టర్ తిప్పే ఆవిడ అసలు పేరు ఆఫీసులో అందరూ ఎప్పుడో మర్చిపోయారు. అందరికీ ఆవిడ "చక్రం". స్టూడియోలో ఒక మూల చిన్న బల్ల ముందు కూర్చుని, అద్దం మీది అక్షరాలే కనపడే బుల్లి తెర చూస్తూ, అరచేతిలో పట్టే చక్రం ఒకటి తిప్పుతుంది. వేగంగా తిప్పితే అక్షరాలు వేగంగా జరుగుతాయి, ఆపితే ఆగుతాయి. ఆఫీసులో చక్రం తిప్పేది పై అంతస్తు వాళ్ళని బయట అనుకుంటారు గాని, ఆ మాట మీద అసలు హక్కు ఈవిడదే. వార్తలు చదివే యాంకరమ్మకన్నా నాలుగేళ్ళు చిన్నది, ఇరవై ఆరేళ్ళుగా సాయంత్రం షిఫ్టులో తోడు. "అక్కా" అంటూనే ఏసీ దగ్గరనుంచి టీ దాకా అన్నిటికీ పేచీ పెట్టుకునేది. వార్తలు మొదలైనట్టు ఎర్రదీపం వెలిగితే మాత్రం ఇద్దరికీ ఒకటే ఊపిరి.

ఇలా నల్లేరు మీద నడకలా సాగుతున్న కాలంలో కొత్త చీఫ్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు, దేనికైనా కాయితం మీద రుజువు అడిగే రకం. వచ్చే నెల కొత్త స్టూడియోలోకి మారుతున్నామనీ, అందులో ఏడు గంటల కుర్చీలో ఎవరు కూర్చోవాలో మూడు వారాలపాటు అందరి వార్తలూ చూసి తేలుస్తాననీ మీటింగులో చెప్పాడు. పాతవాళ్ళే ఉండాలని రూలేమీ లేదని కూడా నవ్వుతూ కలిపాడు. మధ్యాహ్నం వార్తలు చదివే ముప్పై ఏళ్ళమ్మాయి గుక్క తిప్పుకోకుండా చదువుతుంది. ఆ అమ్మాయికి ఓనమాలు దిద్దించింది ఈవిడే, కాబట్టి ఎంత బాగా చదువుతుందో ఈవిడకే బాగా తెలుసు. ఆ రోజునుంచీ యాంకరమ్మ కంటిమీద కునుకు లేదు. జీతం గురించి కాదు, పేరు గురించీ కాదు. ఏడు గంటలప్పుడు ఇంట్లో సోఫాలో కూర్చుని ఇంకొకరు చదివే వార్తలు చూడటం ఎలాగో ఆవిడకి తెలియదు, నేర్చుకోవాలనీ లేదు.

సరిగ్గా ఆ మూడు వారాలకే చక్రం సెలవు పెట్టింది. కూతురికి ఆదివారం ఆడపిల్ల పుట్టింది. వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది?

చక్రం బదులు పాత టేపుల లైబ్రరీ చూసే ఆయన్ని కూర్చోబెట్టారు. ఆయన రూలు మనిషి. యంత్రంతోపాటు వచ్చిన పుస్తకం మొదటి పేజీనుంచి చివరిదాకా చదివి, అందులో ఎలా ఉంటే అలా అమర్చుకున్నాడు. సోమవారం ఏడింటికి ఐదు నిమిషాలుందనగా యాంకరమ్మ కుర్చీలో సర్దుకుని తలెత్తి చూసింది. అద్దం మీద చీమల బారు తప్ప ఏమీ లేదు.

అద్దం మురికిగా ఉంది తుడవమంది. తుడిచారు. కెమెరా వెనక్కి జరిపారంది. కెమెరామన్ టేపు పెట్టి కొలిచి, పన్నెండు అడుగులు, అంగుళం తేడా లేదన్నాడు. లైటు కళ్ళలో కొడుతోందంటే లైటు తిప్పారు. చీమలు చీమల్లానే ఉన్నాయి. ఈలోగా ఎర్రదీపం వెలిగింది.

ఆ రోజు ఆవిడని ఒక పాత అలవాటు కాపాడింది. మేకప్ గదిలో కూర్చున్నప్పుడు, చెవికి ఎలా ఉంటాయో చూద్దామంటూ, వార్తలన్నీ మేకప్ ఆవిడ చేత పైకి చదివించుకునేది. ఎందుకలా చదివించుకుంటోందో తనని తాను ఎప్పుడూ అడుక్కోలేదు. ఆ విన్నదంతా జ్ఞాపకం తెచ్చుకుని సొంత మాటల్లో చెప్పుకుపోయింది. గణాంకాలు వచ్చిన చోట "చాలా" అంది, కమిటీల పొడవాటి పేర్లు వచ్చిన చోట "పెద్దలు" అంది. వాతావరణం దగ్గరికి వచ్చేసరికి, రేపు ఎండ ఉండే అవకాశం ఉందనీ, లేకపోయినా ఆశ్చర్యం లేదనీ చెప్పి గట్టెక్కింది. తీరా చూస్తే నాలుగు నిమిషాలు మిగిలాయి. ముఖ్యాంశాలు మరో రెండుసార్లు చెప్పింది.

ఇంటికి వస్తూ కారులోనే చక్రానికి ఫోన్ చేసింది. ఆ లైబ్రరీ మహానుభావుడు అక్షరాలన్నీ నలిపి నలకలు చేసేశాడని ఏకరువు పెట్టింది.

"ఆయన చిన్నవి చెయ్యలేదక్కా. మామూలుగా ఉండాల్సిన సైజు అదే. పెద్దవి చేసింది నేను."

మామూలు సైజు నంబరు సున్నా అట. తొమ్మిదేళ్ళుగా ఏడాదికి రెండు నంబర్ల చొప్పున పెంచుకుంటూ వచ్చిందట. ఇప్పుడు నడుస్తున్నది పద్దెనిమిదో నంబరు. అద్దం నిండా కలిపి మూడంటే మూడు మాటలు పడతాయట. ఏడున్నర కాగానే మళ్ళీ సున్నాకి తిప్పేసి ఇంటికి పోయేదట, అందుకే రాత్రి వార్తలవాళ్ళకీ తెలియలేదు.

యాంకరమ్మకి మొదట ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళుగా కనపడిన ప్రతివాడి దగ్గరా గద్ద చూపని ప్రగల్భాలు పలికింది, వెనకనుంచి ఈవిడ నవ్వుకుంటూ ఉండి ఉంటుంది. మరుక్షణమే కళ్ళు చెమర్చాయి. తనకి కనపడటం లేదని తనకే తెలియనివ్వకుండా, పల్లెత్తు మాట అనకుండా, తొమ్మిదేళ్ళు కంటికి రెప్పలా కాచుకొచ్చింది. అదే మాట అంది, ఏడుస్తూనే అంది. చక్రం ఏదో చెప్పబోయింది గాని, ఈలోగా పసిపిల్ల ఇల్లెగిరిపోయేలా గుక్కపట్టింది. ఫోన్ పెట్టేశారు.

మంగళవారం లైబ్రరీ ఆయనతో పద్దెనిమిదో నంబరు పెట్టమంది. ఆయన ఇష్టం లేకుండానే పెట్టి, ఆ సంగతి తన పుస్తకంలో రాసుకున్నాడు. అక్షరాలు గుమ్మడికాయల్లా కనపడ్డాయి, ఆవిడ ప్రాణం లేచొచ్చింది. కాని మూడు మాటలే పట్టే తెరని చదివేవాళ్ళ ఊపిరితో పాటు తిప్పాలి. అది చక్రం చేతిలో ఉంది గాని యంత్రంతో వచ్చిన పుస్తకంలో లేదు. "బస్సు బోల్తా పడింది" అని చదివి ఆగింది. లైబ్రరీ ఆయన తాపీగా తిప్పాడు. "ప్రయాణికుల్లో ఏ ఒక్కరూ" అని మళ్ళీ ఆగింది. ఊళ్ళో టీవీల ముందు జనం గ్లాసులు కింద పెట్టేశారు. చాలాసేపటికి "గాయపడలేదు" వచ్చింది. అరగంట అయ్యేసరికి సగం వార్తలు మిగిలిపోయాయి. ఈవేళ మహా ఉత్కంఠగా ఉంది, రోజూ ఇలాగే చదవమనండి అని పదకొండు మంది ఫోన్ చేశారు.

బుధవారం పొద్దున్నే చీఫ్ పిలిచాడు. బల్ల మీద లైబ్రరీ ఆయన రాసిన రెండు పేజీల నివేదిక ఉంది. ఏడు గంటల వార్తలకి తొమ్మిదేళ్ళుగా అక్షరాల సైజు నిబంధనలకి విరుద్ధంగా పెంచుతూ వచ్చినట్టు యంత్రం జ్ఞాపకంలో నమోదై ఉందని అందులో ఉంది. ఇక ఉద్వాసనేనని ఆవిడ గుండె చిక్కబట్టుకుని కూర్చుంది.

"మీరు ఇన్నాళ్ళూ ఎలా భరించారు మేడమ్," అన్నాడు చీఫ్, నిజంగానే జాలిపడుతూ. "ఆ ప్రాంప్టర్ ఆవిడకి చూపు పోయింది, తను చూసుకోడానికి అక్షరాలు పెంచుకుంటూ పోయింది. మీ చూపు గురించి ఆఫీసంతా చెబుతారు. అలాంటి మీరు మూడేసి మాటలతో కుస్తీ పట్టాల్సొచ్చింది."

ఆ తర్వాత ఆయన చెప్పినదంతా వరసగా వరాలే. చక్రాన్ని టేపుల లైబ్రరీకి పంపేస్తారు. చదివే గొంతుని విని తనంతట తానే జరిగే కొత్త యంత్రం తెస్తారు. ఇన్ని ఇబ్బందులు పడుతూ కూడా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చిన మనిషికి ఏడు గంటల కుర్చీ ఇవ్వడానికి తనకి అభ్యంతరం లేదు. ఆ పెద్ద అక్షరాల వల్ల ఇబ్బంది పడుతున్న మాట నిజమేనని నివేదిక కింద ఒక్క సంతకం పెడితే చాలు. ఆవిడ పెన్ను అందుకోలేదు. సాయంత్రం ఇస్తానని కాయితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బయటపడింది.

తిన్నగా చక్రం కూతురింటికి వెళ్ళింది. చక్రం మనవరాలిని భుజాన వేసుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతోంది. యాంకరమ్మ జరిగింది చెప్పి, నేను సంతకం పెట్టేది లేదు, ఆ అక్షరాలు నా కోసమని సాయంత్రం చీఫ్ మొహాన చెప్పేస్తాను, కుర్చీ పోతే పోనీ అంది. అనడమైతే అంది గాని, కుర్చీ పోతే అన్నప్పుడు గోడ గడియారం వైపు చూసింది.

చక్రం పిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టి, ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అక్కా, నీ కోసం కాదు. ఆయన రాసిందే నిజం. నాకే కనపడక పెంచుకున్నాను."

యాంకరమ్మ చేతిలో హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టింది.

"చెబితే ఉద్యోగం పోతుందని భయం. నీది గద్ద చూపాయె, ఇట్టే కనిపెడతావనుకున్నాను. ఎంత పెంచినా నువ్వు ఒక్క మాట అనలేదు. నా గుట్టు తెలిసి కూడా దాస్తున్నావనుకున్నాను. ఈ తొమ్మిదేళ్ళూ నీకు మనసులో దణ్ణం పెట్టుకోని రోజు లేదు. మొన్న ఫోన్‌లో చెబుదామనుకుంటే నువ్వే నాకు దణ్ణాలు పెడుతూ కూర్చున్నావు."

కాసేపు ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ముందు చక్రం నవ్వింది. తరవాత యాంకరమ్మ పకపకా నవ్వింది. ఉయ్యాల్లో పిల్ల లేస్తుందని నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని, కడుపులు పట్టుకుని నవ్వారు.

నవ్వు తగ్గాక చక్రం హ్యాండ్‌బ్యాగులోంచి తనే ఆ కాయితం తీసి, పెన్ను చేతికిచ్చింది. రాసిందంతా నిజమే కదా, సంతకం పెట్టెయ్ అక్కా, నేను లైబ్రరీలో కూర్చుని టేపులు తుడుచుకుంటాను, నువ్వు కుర్చీలో ఉంటే చాలు అంది. ఆ మాటలో నిష్ఠూరం ఆవగింజంత కూడా లేదు. అదే పెద్ద చిక్కు అయింది. సంతకం పెడితే అబద్ధం కాదు, ఎవరూ వేలెత్తి చూపలేరు, కుర్చీ దక్కుతుంది. యాంకరమ్మ పెన్ను పట్టుకుంది. తను చెయ్యని మేలుకి తొమ్మిదేళ్ళుగా రోజూ దణ్ణం పెట్టిన మనిషి ఎదురుగా కూర్చుంటే వేలు కదల్లేదు. ఆ మేలు ఇప్పుడైనా చెయ్యకపోతే ఆ దణ్ణాలన్నీ ఏమైపోతాయి అనిపించింది.

"లే, అల్లుణ్ణి కాసేపు పిల్లని చూసుకోమను," అంది. "మనిద్దరం కళ్ళజోళ్ళ కొట్టుకి వెళుతున్నాం."

కొట్టాయన యాంకరమ్మని చూడగానే లేచి నిలబడ్డాడు, ఇరవై ఏళ్ళుగా మీ వార్తలే చూస్తున్నానన్నాడు. కూర్చోబెట్టి గోడమీద అక్షరాల పట్టీ చదవమన్నాడు. పై వరసలో ఉన్న ఒక్క పెద్ద అక్షరం ఆవిడ గంభీరంగా, స్పష్టంగా, ముఖ్యాంశం చదివినట్టు చదివింది. రెండో వరస నుంచి ఏమీ లేదంది. కొట్టాయన కాసేపు ఆవిడనే చూసి, మరి ఇన్నాళ్ళూ ఎలా చదివారండీ అని అడిగాడు. చక్రం పక్కకి తిరిగి దగ్గింది. ఆవిడ పట్టీ కూడా అంతంతమాత్రమే. రెండు జతలూ నాలుగు గంటల్లో తయారుచేసి ఇచ్చాడు.

ఆరున్నరకి యాంకరమ్మ చీఫ్ గదిలోకి కళ్ళజోడుతో వెళ్ళింది. సంతకం లేని కాయితం బల్ల మీద పెట్టింది. చక్రానికి కనపడని మాట నిజమే, నాకూ కనపడదు, ఇన్నాళ్ళూ తెలియకుండానే ఒకరి గుట్టు ఒకరం కాపాడుకొచ్చాం అని ఉన్నదున్నట్టు చెప్పింది. చీఫ్ నివేదికని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. ఈ సంగతి ఏ గడిలో రాయాలో ఆయనకి తోచలేదు.

"సరే, ఆవిడకి కళ్ళజోడు వచ్చింది. అయినా కొత్త యంత్రం ఉండగా ఆవిడ ఎందుకు మేడమ్?"

"ఆ యంత్రం నా గొంతు విని వెనకాల వస్తుంది," అంది ఆవిడ. "చక్రం నాకన్నా ముందు నడుస్తుంది."

చీఫ్ ఆ మాటకి రుజువేదీ అడగలేదు గాని, ఒప్పుకోనూ లేదు. ఈవేళ అరగంటా నేనే కంట్రోల్ రూములో కూర్చుని చూస్తాను, కళ్ళజోడు జనానికి నచ్చకపోతే మాత్రం నన్ననకండి అన్నాడు.

ఏడింటికి ఎర్రదీపం వెలిగింది. చక్రం తన మూల బల్ల దగ్గర, కొత్త కళ్ళజోడుతో, కూతురి దగ్గర గంట పర్మిషన్ తీసుకుని వచ్చి కూర్చుంది. నంబరు సున్నా. యాంకరమ్మ తలెత్తి చూస్తే అద్దం మీద నాలుగు వరసల నిండా అక్షరాలు, తొమ్మిదేళ్ళ తరవాత మొదటిసారి, వాక్యం మొత్తం ఒక్కసారే కనపడింది. మూడేసి మాటలు చదువుకుంటూ పోయినన్నాళ్ళూ వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియకుండానే మొదలుపెట్టేది. ఇప్పుడు చివర కబురు మంచిదో చెడ్డదో ముందే తెలుస్తోంది, గొంతు దానికి తగ్గట్టు తనంతట తానే సర్దుకుంటోంది. చదవడం ఇంత హాయిగా ఉండేదని ఆవిడ మర్చేపోయింది. కెమెరా వెనకాల కెమెరామన్ తల నెరిసి ఉంది. ఎప్పుడు నెరిసిందో, పాపం.

పదిహేనో నిమిషంలో పరీక్ష వచ్చింది. బయటనుంచి మాట్లాడుతున్న విలేకరి లైను పుటుక్కున తెగిపోయింది. తెర మీద మళ్ళీ ఆవిడ మొహం వచ్చింది, అద్దం మీద మాత్రం ఆ విలేకరికి వెయ్యాల్సిన ప్రశ్న ఉంది. కంట్రోల్ రూములో ప్రొడ్యూసరు ఏ వార్తకి వెళ్ళాలో అనేలోపే, చక్రం మధ్యలో రెండు వార్తలు దాటించి, నిన్నటి బస్సు వార్తకి తాజా కబురు తెచ్చి ఆవిడ కళ్ళముందు నిలబెట్టింది. ఆవిడ ఊపిరి తీసుకుని అందుకుంది. చూసేవాళ్ళకి అక్కడ అతుకు ఉన్నట్టే తెలియలేదు.

ఏడున్నరకి ఎర్రదీపం ఆరింది. మూడు నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. చాలామంది ఆ ఫ్రేము ఎక్కడ కొన్నారని అడిగారు. ఒకాయన మాత్రం, ఇన్నేళ్ళలో ఈవేళే ఆవిడ నన్ను చూసి చెబుతున్నట్టుంది అన్నాడు. ఆ ఫోన్ ఎత్తింది చీఫ్.

ఆయన మెట్లు దిగి స్టూడియోలోకి వచ్చాడు. యాంకరమ్మ లేచి నిలబడింది. రాసుకోవడానికి గడి దొరికినవాడిలా ఆయన మొహం తేటగా ఉంది.

"కొత్త స్టూడియోలో ఏడు గంటలు మీకే మేడమ్," అన్నాడు.

ఆ మీటింగు రోజునుంచీ ఈ ఒక్క మాట కోసమే పడిగాపులు కాసింది. అయినా వెంటనే థాంక్స్ చెప్పలేదు. మూల బల్ల వైపు చూసింది. చక్రం అప్పటికే సంచీ సర్దుకుంటోంది.

"మాకే అనండి," అంది.

చీఫ్ కూడా మూలకి చూశాడు. "మీకే," అన్నాడు, ఈసారి ఇద్దర్నీ కలిపి.

చక్రం సంచీ కింద పెట్టేసి వచ్చి ఆవిడని కావలించుకుంది. ఇద్దరికీ ఒకేసారి కళ్ళు నిండాయి, అద్దాలు మసకబారి ఒకరికొకరు కనపడకుండా పోయారు. కళ్ళజోడు తీసి ఏడవాలో, ఏడిచి తీయాలో ఇద్దరికీ ఇంకా అలవాటు కాలేదు.